ఎపినాల్‌లో పది నెలల మౌనం

2004 మే నెల. ఫ్రాన్స్ తూర్పున, వోజ్ కొండల కింద, మోజెల్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం ఎపినాల్. ఆ ఊరి పెద్దాసుపత్రి పేరు జాన్ మొనే ఆసుపత్రి. చుట్టుపక్కల ఊళ్ల క్యాన్సర్ రోగులకు రేడియేషన్ పెట్టేది అక్కడే. రేడియేషన్ డాక్టర్లు ఇద్దరు. కిరణాల మోతాదు లెక్కలకు బాధ్యుడైన మెడికల్ ఫిజిసిస్ట్ ఒక్కడు. ఆ నెలలో వాళ్లు ఒక మంచి నిర్ణయం తీసుకున్నారు. ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు ఇకపై కొత్త పద్ధతిలో చికిత్స చేయాలని. గడ్డకు గట్టిగా తగలాలి, పక్కనున్న మలాశయానికీ మూత్రాశయానికీ తక్కువ తగలాలి. ఉద్దేశం అంతే. ఈ కథలో చెడ్డ ఉద్దేశం ఉన్నవాళ్ల కోసం వెతికితే దొరకరు. అందుకే ఇది చెప్పుకోవాల్సిన కథ.

ముందు ఒక్క వస్తువు గురించి తెలుసుకోవాలి. దాని పేరు వెడ్జ్. శరీరం చదునుగా ఉండదు కాబట్టి రేడియేషన్ ఇచ్చే లైనాక్ యంత్రం నుంచి వచ్చే కిరణపుంజం ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ పడేలా మలచాల్సి వస్తుంది. పాత పద్ధతిలో ఆ పని ఒక లోహపు దిమ్మ చేసేది. తలుపు కదలకుండా కింద దూర్చే చెక్కముక్కలా ఒక పక్క మందం, ఒక పక్క పలచన. కిరణం దాని గుండా వచ్చేటప్పుడు కొంత లోహంలోనే ఆగిపోతుంది. ఆ ఆగిపోయినదాన్ని భర్తీ చేయడానికి యంత్రాన్ని మరికాస్త ఎక్కువసేపు నడపాలి. కొత్త పద్ధతిలో లోహం లేదు. కిరణం పడుతుండగానే యంత్రం తలలోని పలక మెల్లగా జరుగుతూ అదే వాలును తయారుచేస్తుంది. దీన్ని డైనమిక్ వెడ్జ్ అంటారు. దారిలో లోహం లేదు కాబట్టి కిరణం అంతసేపు అక్కర్లేదు.

కిరణం ఎంతసేపు పడాలో చెప్పే అంకెను మానిటర్ యూనిట్లు అంటారు. లోహపు దిమ్మ ఉందనుకుని లెక్కవేసిన మానిటర్ యూనిట్లను దిమ్మ లేని యంత్రానికి ఇస్తే ఏమవుతుంది? ఆపడానికి ఏమీ లేని కిరణం, ఆపేది ఉన్నప్పటంతసేపూ పడుతుంది. ఎపినాల్‌లో జరిగింది ఇదే.

ప్లానింగ్ గదిలోకి వెళ్దాం. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి రోగి స్కాన్ తెరిచాడు. గడ్డ చుట్టూ గీత గీశాడు. కిరణాలు ఏ కోణాల నుంచి రావాలో పెట్టాడు. ఇక వెడ్జ్ ఎంచుకోవాలి. తెర మీద ఉన్నదంతా ఇంగ్లిషు. అక్కడ పనిచేసేవాళ్లంతా ఫ్రెంచిలో చదివినవాళ్లు, ఫ్రెంచిలో మాట్లాడేవాళ్లు. వాళ్ల భాషలో మాన్యువల్ లేదు. కొత్త పద్ధతి మీద శిక్షణ అంటే ఇద్దరికి రెండుసార్లు క్లుప్తంగా చేసి చూపించడం, అంతే. మామూలు వెడ్జ్‌కు ఒక ఎంపిక, డైనమిక్ వెడ్జ్‌కు ఇంకొక ఎంపిక. ఆయన చేయి పాత ఎంపిక మీదికే వెళ్లింది. కంప్యూటర్ అడ్డుచెప్పలేదు. అడిగిన లెక్క అడిగినట్టు చేసి ఇచ్చింది. లెక్కలో తప్పు లేదు. ఆ లెక్క వేరే యంత్రానిది, అంతే.

ఇలాంటి పొరపాట్లు జరుగుతాయని రేడియేషన్ రంగానికి ముందే తెలుసు. అందుకే రెండు వలలు కట్టి ఉంటాయి. ఒకటి, ప్లానింగ్ కంప్యూటర్ ఇచ్చిన మానిటర్ యూనిట్లను సంబంధం లేని ఇంకో ప్రోగ్రామ్‌తో మళ్లీ లెక్కగట్టడం. రెండోది, చికిత్స జరుగుతున్నప్పుడు రోగి చర్మం మీద డయోడ్ అనే చిన్న పరికరం అతికించి, నిజంగా ఎంత మోతాదు పడుతోందో కొలవడం. ఈ రెండింటిలో ఏ ఒక్కటి పనిచేసినా మొదటి రోగి దగ్గరే, మొదటి వారంలోనే తప్పు బయటపడేది. కానీ ఆసుపత్రిలో ఉన్న సరిచూసే ప్రోగ్రామ్ డైనమిక్ వెడ్జ్‌కు పనికిరాలేదు. డయోడ్లతో కొలవడమూ కొత్త పద్ధతిలో ఇబ్బందైంది. రెండూ పక్కనపెట్టేశారు. పద్ధతి ముందుకు పోయింది, కాపలా వెనకబడిపోయింది. ఈ ఉదంతం మొత్తంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఆ ఎంపికలోని పొరపాటు కాదు. పొరపాటును పట్టుకోవడానికి ఉన్నవాటిని, పొరపాటు జరిగే అవకాశం ఎక్కువున్న సమయంలోనే తీసేయడం.

ఇప్పుడు రోగి. ఆయనకు పేరు పెట్టడం లేదు. ఏ ఒక్కరి కథా ఇది కాదు. ఎపినాల్ బాధితులకు ఉమ్మడిగా జరిగినదాన్ని ఒక మనిషి మీద పెట్టి చెబుతున్నాను. పని నుంచి రిటైరైన పెద్దాయన. ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది, తొందరగానే దొరికింది, నయమవుతుందన్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఆసుపత్రికి రావాలి. ఈ జబ్బుకు అప్పట్లో సాధారణంగా రోజుకు 2 గ్రే మోతాదు చొప్పున ఏడెనిమిది వారాలు ఇచ్చేవారు. బల్ల మీద పడుకుంటే గోడల నుంచి వచ్చే లేజర్ గీతలు ఒంటి మీది గుర్తులతో కలిసేలా సిబ్బంది ఆయన్ను అటూ ఇటూ జరుపుతారు. తర్వాత అందరూ బయటికి వెళ్లి మందపాటి తలుపు వేసేస్తారు. యంత్రం చుట్టూ తిరుగుతుంది, ఆగినచోటల్లా గుయ్‌మని కాసేపు మోగుతుంది. నొప్పి లేదు, వేడి లేదు, వాసన లేదు. ఒక దిక్కు నుంచి 40 సెకన్లు పడాల్సింది 48 సెకన్లు పడితే బల్ల మీది మనిషికి ఎలా తెలుస్తుంది? బయట తెర ముందు కూర్చున్నవాళ్లకూ తెలియదు. ప్లాన్‌లో ఎంత రాసి ఉందో యంత్రం అంతే ఇచ్చిందని వాళ్ల తెర చెబుతోంది. అది నిజం కూడా.

చికిత్స అయిపోయింది. ఇంటికెళ్లాడు. కొన్ని నెలలకు మలవిసర్జనలో మంట మొదలైంది. తర్వాత రక్తం. తర్వాత కుర్చీలో కూర్చోలేకపోవడం, రాత్రంతా లేస్తూనే ఉండడం. డాక్టరు దగ్గరికి వెళ్తే, కరెంటు పెట్టించుకున్నవాళ్లలో కొందరికి ఇలా అవుతుందని చెప్పారు. అది అబద్ధం కాదు. సరైన మోతాదు ఇచ్చినా కొందరికి మలాశయం వాస్తుంది, మూత్రాశయం మండుతుంది. మోతాదు ఎక్కువైనప్పుడు వచ్చే జబ్బు వేరేది కాదు. అదే జబ్బు, ఇంకా తీవ్రంగా, ఇంకా ఎక్కువమందికి. అందుకే ఒక్కో రోగిని విడిగా చూస్తే అనుమానం రాదు. అందరి ఫైళ్లూ ఒక బల్ల మీద పరిచి, ఇంతమందికి ఎందుకవుతోందని అడిగేవాళ్లు ఉంటే తప్ప తెలియదు. 2005 మొదట్లోనే తీవ్రమైన లక్షణాలతో రోగులు రావడం మొదలైంది. పొరపాటు మాత్రం ఆ ఏడాది ఆగస్టు దాకా సాగింది. అప్పటికి 24 మందికి, రాసినదానికన్నా 20 శాతం పైచిలుకు ఎక్కువ రేడియేషన్ పడింది. 75 గ్రే మీద 20 శాతమంటే 15 గ్రే. మలాశయపు గోడ ఓర్చుకోగల హద్దు దగ్గర నిలబడి ఇచ్చే చికిత్సలో 15 గ్రే అంటే చిన్న సంగతి కాదు. కొందరికి మలాశయానికీ మూత్రాశయానికీ మధ్య రంధ్రం పడింది. కొందరికి పొట్టకు సంచి తగిలించాల్సి వచ్చింది. మార్ఫిన్‌కు కూడా లొంగని నొప్పితో బతికినవాళ్లున్నారు.

ఇక్కడిదాకా జరిగింది ప్రమాదం. ఇకముందు జరిగింది వేరు.

2005 సెప్టెంబరులో సంగతి జిల్లా ఆరోగ్య అధికారులకు తెలిసింది. అక్టోబరు మొదట్లో ఆసుపత్రిలో సమావేశం జరిగింది. ఆసుపత్రి యాజమాన్యం, డాక్టర్లు, ఆరోగ్య శాఖ జిల్లా అధికారులు, ప్రాంతీయ ఆసుపత్రుల సంస్థ ప్రతినిధులు కూర్చున్నారు. విషయం ఇప్పుడు అందరి ముందూ ఉంది. ఎంతమందికి పడిందో లెక్క తేలుతోంది. ఇలాంటి ప్రమాదాన్ని జాతీయ స్థాయి రేడియేషన్ భద్రతా అధికారులకు చెప్పితీరాలి. ఆ సమావేశం నుంచి పారిస్‌కు కబురు వెళ్లలేదు. ఆ ఏడాది చివరి మూడు నెలల్లో రోగుల్లో ఏడుగురికి మాత్రం అసలు సంగతి చెప్పారు. మిగిలినవాళ్లు, తమకు వచ్చింది చికిత్సతో మామూలుగా వచ్చే బాధేననుకుంటూ ఉండిపోయారు.

చెబితే భయపడతారు, ఊరంతా గగ్గోలవుతుంది, ఆసుపత్రి మీద నమ్మకం పోతుంది అనే మాట మన దగ్గరా వింటూనే ఉంటాం. కానీ చెప్పకపోవడం వల్ల పోయేది నమ్మకం ఒక్కటే కాదు. ఒంట్లో అతిగా రేడియేషన్ పడిందని తెలియని రోగి వేరే డాక్టరు దగ్గరికి వెళ్తాడు. ఆ డాక్టరు రక్తం ఎందుకు పడుతోందో చూడాలని మలాశయంలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపవచ్చు. మామూలు మనిషికి అది నాలుగు రోజుల్లో మానే గాయం. అతిగా రేడియేషన్ తగిలిన కణజాలంలో అది మానకపోవచ్చు, రంధ్రంగా మారవచ్చు. ఏం జరిగిందో రోగికి చెప్పడం మర్యాద కోసం కాదు. అది చికిత్సలో భాగం. సంగతి అధికారులకు తెలిశాక గడిచిన పది నెలలూ దాచిపెట్టింది వార్తను మాత్రమే కాదు, మందును కూడా.

2006 జులైలో సమాచారం చివరికి జాతీయ అధికారులకు చేరింది. సరిగ్గా అంతకుముందు నెల, జూన్ 13న వచ్చిన కొత్త చట్టం ఫ్రాన్స్ అణుభద్రతా సంస్థ ఏఎస్ఎన్‌ను ప్రభుత్వ శాఖల కిందినుంచి తీసి స్వతంత్ర సంస్థగా నిలబెట్టింది. అప్పటిదాకా దాని చూపు ఎక్కువగా అణువిద్యుత్ కేంద్రాల మీదే. ఆసుపత్రుల్లో సిబ్బందికి రేడియేషన్ తగలకుండా గోడలు సరిగా ఉన్నాయా, తలుపు తాళాలు పనిచేస్తున్నాయా అని చూసేవాళ్లు. బల్ల మీద పడుకున్న రోగికి పడుతున్న మోతాదు సరైనదేనా అనేది డాక్టర్ల సొంత వ్యవహారంగా ఉండేది. ఎపినాల్ ఆ గీతను చెరిపేసింది.

ఏఎస్ఎన్, సామాజిక వ్యవహారాల తనిఖీ విభాగం కలిసి దర్యాప్తు చేశాయి. 2007 మార్చిలో నివేదిక బయటికి వచ్చింది. తవ్వినకొద్దీ కింద ఇంకో పొర. రోగి సరైన చోట పడుకున్నాడో లేదో చూడటానికి చికిత్సకు ముందు యంత్రంతోనే ఒక చిత్రం తీస్తారు. అక్కడ ఆ చిత్రం తీయడానికి వాడిందీ చికిత్స కిరణమే, దానికీ మోతాదు ఉంటుంది. ఎపినాల్‌లో 2001 నుంచి 2006 దాకా ప్రోస్టేట్ రోగులకు ఆ చిత్రం రోజూ తీశారు. దాని మోతాదును మొత్తంలో కలపలేదు. రోజుకు కొంచెమే. ఏడు వారాలకు 8 నుంచి 10 శాతం. సుమారు 400 మంది. జాగ్రత్త కోసం చేసిన పనే ఇలా తిరగబడింది. ఇంకా కింద మూడో పొర: 1989 నుంచి 2000 దాకా వాడిన లెక్కల ప్రోగ్రామ్‌లో దోషం. దానివల్ల సుమారు 300 మందికి ఇంకొంచెం ఎక్కువ పడింది. 

నివేదిక వచ్చిన నెల తిరిగిందో లేదో, తులూజ్ నగరం నుంచి ఇంకో వార్త. అక్కడ మెదడులోని చిన్న గడ్డలకు సన్నని కిరణాలతో చికిత్స చేసే యంత్రాన్ని మొదట్లో కొలతకట్టినప్పుడు, సన్నని కిరణానికి తగని పెద్ద కొలిచే పరికరం వాడారు. ఆ కొలత మీదే లెక్కలన్నీ నడిచాయి. ఏడాదిపాటు 145 మందికి మోతాదు ఎక్కువైంది. తప్పు వేరు, ఊరు వేరు. కానీ తులూజ్‌లో సంగతి బయటపడగానే పై అధికారులకు చెప్పారు, దేశానికి తెలిసింది. ఎపినాల్ పది నెలల పక్కన పెట్టి చూస్తే ఆ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది.

ఆ తర్వాత ఫ్రాన్స్ చేసిన పనులు చప్పగా కనిపిస్తాయి గానీ, నా దృష్టిలో ప్రాణాలు కాపాడేది ఆ చప్పటి పనులే. 2007 జులైలో ఏఎస్ఎన్, రేడియేషన్ డాక్టర్ల సంఘం కలిసి రేడియోథెరపీ ప్రమాదాలకు 0 నుంచి 7 దాకా ఒక కొలబద్ద తయారుచేశాయి. ఏ కేంద్రంలో ఏం జరిగినా ఆ మెట్టు చూసి ప్రజలకు చెప్పాలి. 2008 జులై 1న వచ్చిన ఆదేశం ప్రకారం ప్రతి కేంద్రం తన పనిని మెట్టు మెట్టుగా రాసిపెట్టుకోవాలి. ఏ మెట్టు దగ్గర ఏ తప్పు జరగవచ్చో, జరిగితే రోగికి ఏమవుతుందో, దాన్ని ఏది ఆపుతుందో ముందుగానే కూర్చుని ఆలోచించాలి. హాని జరగకుండా తృటిలో తప్పిపోయిన పొరపాట్లను కూడా నమోదు చేసి, డాక్టరూ ఫిజిసిస్టూ టెక్నీషియనూ కలిసి చర్చించాలి. మానిటర్ యూనిట్లను వేరేగా మళ్లీ లెక్కగట్టడం, రోగి ఒంటి మీద మోతాదు కొలవడం, అంటే ఎపినాల్‌లో పక్కనపెట్టిన ఆ రెండు వలలు, జాతీయ క్యాన్సర్ సంస్థ పెట్టిన షరతుల్లో చేరాయి. అవి లేకుంటే అనుమతి లేదు. చికిత్స నడుస్తున్న వేళల్లో మెడికల్ ఫిజిసిస్ట్ ఉండి తీరాలి. అప్పుడు దేశంలో ఉన్న 180 దాకా కేంద్రాలకు ఏఎస్ఎన్ ఇన్‌స్పెక్టర్లు వెళ్లడం మొదలుపెట్టారు. వాళ్లు గోడ మందం చూసి వెనక్కి వచ్చేయలేదు. మీ పొరపాట్ల రిజిస్టరు చూపించండి అనేవాళ్లు. రిజిస్టరు ఖాళీగా ఉంటే అది మంచి కేంద్రమని కాదు, రాయడం లేదని అర్థం చేసుకునేవాళ్లు. కేంద్రాల నుంచి ఏటా వందల నివేదికలు రావడం మొదలైంది. వాటిలో చాలావరకు రోగికి ఏ హానీ జరగనివే. ఆ సంఖ్య పెరగడాన్ని నేను శుభవార్తగానే చూస్తాను.

2012 సెప్టెంబరులో పారిస్‌లో విచారణ మొదలైంది. బాధితులు సంఘంగా ఏర్పడి అక్కడికి వచ్చారు. అప్పటికి మృతుల సంఖ్య 12 అని పత్రికలు రాశాయి. 2013 జనవరి 30న తీర్పు. ఇద్దరు డాక్టర్లకు నాలుగేళ్ల జైలు, అందులో 30 నెలలు సస్పెండ్ చేశారు. ఫిజిసిస్టుకూ జైలు శిక్ష పడింది. ముగ్గురికీ శిక్ష పడటం న్యాయమే. అయితే ఇంగ్లిషు తెర ముందు రెండు క్లుప్త శిక్షణలతో మనుషుల్ని కూర్చోబెట్టిన వ్యవస్థను, ఒక్క ఫిజిసిస్టు మీద వందల రోగుల లెక్కలు మోపిన వ్యవస్థను జైలుకు పంపడం ఏ కోర్టుకూ సాధ్యం కాదు. దాన్ని మార్చగలిగేది తనిఖీకి వచ్చే మనిషే.

మన దగ్గర ఆ పని చేసేది అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ. 1983లో ఏర్పడింది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో గుంటూరులోనో ఒక లైనాక్ మీద మొదటి రోగిని పడుకోబెట్టాలంటే ఏఈఆర్‌బీ లైసెన్సు కావాలి. అర్హత ఉన్న మెడికల్ ఫిజిసిస్టు కావాలి. మండలి ఆమోదించిన రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసరు ఉండాలి. 2004 నాటి రేడియేషన్ రక్షణ నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగితే మండలికి తెలియజేయాలి. కాగితం మీద మనకు కొరత లేదు. 2012లో కాగ్ ఈ మండలి పనిని పరిశీలించినప్పుడు దేశంలోని 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో 5,270కి మాత్రమే రిజిస్ట్రేషన్ ఉందని తేల్చింది. ఎక్స్‌రే వేరు, రేడియోథెరపీ వేరు. లైనాక్‌ల మీద ఉన్నంత పట్టు ఎక్స్‌రేల మీద ఎప్పుడూ లేదు. అయినా నిబంధన ఉండటానికీ అది చేరాల్సిన చోటికి చేరడానికీ మధ్య మన దేశంలో ఎంత దూరమో ఆ రెండు అంకెలు చెబుతాయి. తర్వాత ఈ-లోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా రిజిస్ట్రేషన్లూ లైసెన్సులూ ఇవ్వడం మొదలైంది. దూరం కొంత తగ్గింది.

మన ఇళ్లలో ఎవరికో ఒకరికి కరెంటు పెట్టించాల్సి వస్తూనే ఉంటుంది. ఆ ముప్పైయో నలభయ్యో సిటింగులు మొదలయ్యే ముందు డాక్టరుగారిని మూడు సంగతులు అడగవచ్చు. ప్లాన్ వేసిన ఫిజిసిస్టు కాకుండా ఇంకొకరు దాన్ని సరిచూశారా? మానిటర్ యూనిట్లను వేరే పద్ధతిలో మళ్లీ లెక్కగట్టారా? చికిత్స నడుస్తుండగా ఏదైనా తేడా వస్తే మాకు చెప్పేది ఎవరు? చదువుకోని వాళ్లయినా అడగవచ్చు, సర్కారు దవాఖానాలోనైనా అడగవచ్చు. పనిని ప్రేమించే ఫిజిసిస్టు ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు. ఫైలు తెరిచి, రెండో సంతకం ఉన్న చోటు చూపిస్తాడు.